క్రిప్టో పాత ధరల డేటా ఉచితంగా: మీ ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఏ సోర్స్ నప్పుతుంది?

అమీర్‌పేటలో పైథాన్ కోర్సు ముగించిన కుర్రాడైనా, పగలంతా గచ్చిబౌలి ఆఫీసులో కోడ్ రాసి రాత్రి సొంత ట్రేడింగ్ బాట్ ముందు కూర్చునే ఇంజనీరైనా మొదట ఆగిపోయేది డేటా దగ్గరే. ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో లెక్క బుర్రలో ఉంది, కోడ్ సగం అయింది, పాత ధరల మీద నడిపి చూస్తే తప్ప ముందుకు పోలేరు. వెతికితే పది చోట్లు కనిపిస్తాయి, అన్నీ ఉచితమే అంటాయి. తీరా దిగాక ఒకటి ఏడాది డేటా ఇచ్చి ఆగిపోతుంది, ఇంకోటి ఆఖరి పన్నెండు గంటలదే ఇస్తుంది, మరోటి ఏ మార్కెట్లోనూ జరగని సగటు ధర చేతిలో పెడుతుంది.

బిట్‌కాయిన్‌కి ఒకే ధర అంటూ ఉండదు. ఒకే నిమిషంలో బైనాన్స్ ఎక్స్ఛేంజ్‌లో (క్రిప్టో కొని అమ్మే వేదిక) ఒక ధర, క్రాకెన్ ఎక్స్ఛేంజ్‌లో ఇంకో ధర, మన రూపాయి మార్కెట్లో వేరే ధర నడుస్తుంటాయి. అందుకే మీ ఆర్డరు చివరికి ఏ మార్కెట్లో పడుతుందో ఆ మార్కెట్ డేటా మీదే బ్యాక్‌టెస్ట్ (పాత ధరల మీద పద్ధతిని నడిపి చూడటం) చేయాలి. ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఎంత చిన్న క్యాండిల్ కావాలి? క్యాండిల్ అంటే ఒక నిమిషమో గంటో రోజో, ఆ కాలంలో మొదటి ధర (ఓపెన్), గరిష్ఠం (హై), కనిష్ఠం (లో), ఆఖరి ధర (క్లోజ్). రోజుకోసారి నిర్ణయం తీసుకునే పద్ధతికి రోజువారీ క్యాండిల్ చాలు. స్టాప్‌లాస్ (నష్టం ఒక హద్దు చేరగానే అమ్మేసే ఆర్డరు) పెట్టే బాట్‌కి అది చాలదు. ఒకే రోజు హై, లో రెండూ మీ టార్గెట్‌నీ స్టాప్‌లాస్‌నీ దాటి ఉంటే ముందు ఏది తగిలిందో రోజువారీ క్యాండిల్ చెప్పలేదు. చాలా బ్యాక్‌టెస్ట్‌లు అబద్ధపు లాభం చూపించేది ఇక్కడే. సిగ్నల్ గంట క్యాండిల్ మీద వచ్చినా, ఆర్డరు నిండిందో లేదో చూడ్డానికి నిమిషం క్యాండిల్ దగ్గర ఉంచుకోండి.

ఎంత వెనక్కి కావాలి? 2020 మార్చి కుప్పకూలడం, 2021 పరుగు, 2022లో లూనా కాయిన్, ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజ్ పతనాలు, ఈ మూడు రకాల కాలాలూ డేటాలో లేకపోతే మీ పద్ధతికి నిజమైన పరీక్ష జరగనట్టే. ఏడాది డేటా మాత్రమే ఇచ్చే సోర్స్ ఇక్కడ తేలిపోతుంది.

అది ఎవరి ధర? ఒక ఎక్స్ఛేంజ్‌లో నిజంగా జరిగిన ట్రేడ్ల నుంచి వచ్చిందా, పది ఎక్స్ఛేంజ్‌లు కలిపి తీసిన సగటా? సగటు ధరకి మీరెవరూ కొనలేరు, అమ్మలేరు.

చనిపోయిన కాయిన్లు ఉన్నాయా? ఈ రోజు బతికున్న యాభై కాయిన్ల మీద పరీక్షిస్తే ఫలితం ఎప్పుడూ బాగానే వస్తుంది. మునిగిపోయినవాటిని మనమే లెక్కలోంచి తీసేశాం కాబట్టి.

ఎలా తెచ్చుకోవాలి? ఏడాదికి 5,25,600 నిమిషాలు. ఒక రిక్వెస్టుకి 1,000 క్యాండిళ్లు ఇచ్చే ఏపీఐకి (కోడ్ నుంచి నేరుగా డేటా అడిగే దారి) 526 రిక్వెస్టులు చాలు. 300 ఇచ్చేదానికి 1,752 కావాలి. ఇరవై కాయిన్లకి ఐదేళ్ల డేటా అంటే ఈ తేడా గంటల్లో కనిపిస్తుంది.

| సోర్స్ | ఎవరి ధర | అతి చిన్న క్యాండిల్ | బిట్‌కాయిన్ ఎంత వెనక్కి | ఒకసారికి ఎంత |
|---|---|---|---|---|
| బైనాన్స్ జిప్ ఫైళ్లు | బైనాన్స్‌దే | స్పాట్‌లో 1 సెకను | 2017 ఆగస్టు | నెల మొత్తం |
| బైనాన్స్ ఏపీఐ | బైనాన్స్‌దే | స్పాట్‌లో 1 సెకను | 2017 ఆగస్టు | 1,000 |
| క్రాకెన్ జిప్ ఫైళ్లు | క్రాకెన్‌దే | 1 నిమిషం | 2013 | చరిత్ర అంతా |
| క్రాకెన్ క్యాండిల్ ఏపీఐ | క్రాకెన్‌దే | 1 నిమిషం | ఆఖరి 720 క్యాండిళ్లే | 720 |
| కాయిన్‌బేస్ ఎక్స్ఛేంజ్ ఏపీఐ | కాయిన్‌బేస్‌దే | 1 నిమిషం | 2015 | 300 |
| బిట్‌ఫినెక్స్ ఏపీఐ | బిట్‌ఫినెక్స్‌దే | 1 నిమిషం | 2013 | 10,000 |
| కాయిన్‌గెకో ఉచిత ప్లాన్ | చాలా ఎక్స్ఛేంజ్‌ల సగటు | ఆఖరి రోజుకే 5 నిమిషాలు | 365 రోజులు | అడిగిన కాలం |
| యాహూ ఫైనాన్స్ | సగటు | 1 నిమిషం, కొద్ది రోజులకే | రోజువారీ 2014 సెప్టెంబర్ | అడిగిన కాలం |
| కాయిన్‌డీసీఎక్స్ ఏపీఐ | రూపాయి పెయిర్లకి (రూపాయలతో కొని అమ్మే కాయిన్లకి) దానిదే | 1 నిమిషం | పెయిర్‌ని బట్టి | 1,000 |

## బైనాన్స్ ఫైళ్లు: నిమిషాల బాట్ రాసేవారికి మొదటి ఎంపిక

డేటా డాట్ బైనాన్స్ డాట్ విజన్ చిరునామాలో బైనాన్స్ తన పాత క్యాండిళ్లనీ ట్రేడ్లనీ జిప్ ఫైళ్లుగా ఉంచుతుంది. లాగిన్ అక్కర్లేదు, కేవైసీ అక్కర్లేదు, ఏపీఐ కీ అక్కర్లేదు. స్పాట్‌కీ (కాయిన్‌నే కొని అమ్మే మార్కెట్) ఫ్యూచర్స్‌కీ (కాయిన్ ధర మీద ఒప్పందాలు నడిచే మార్కెట్) వేరు వేరు ఫోల్డర్లు. వాటి లోపల డైలీ, మంత్లీ అని రెండు భాగాలు. ముగిసిన నెలలకి మంత్లీ ఫైళ్లు తీసుకుని, నడుస్తున్న నెలకి డైలీ ఫైళ్లు అతికించుకుంటే పని సులువవుతుంది.

ప్రతి క్యాండిల్ వరుసలో పన్నెండు గడులు ఉంటాయి: ఓపెన్ టైమ్, ఓపెన్, హై, లో, క్లోజ్, వాల్యూమ్, క్లోజ్ టైమ్, కోట్ వాల్యూమ్, ట్రేడ్ల సంఖ్య, టేకర్లు కొన్న బేస్ వాల్యూమ్, టేకర్లు కొన్న కోట్ వాల్యూమ్, చివర వాడని గడి ఒకటి. బేస్ అంటే కాయిన్ల లెక్క, కోట్ అంటే దానికిచ్చిన కరెన్సీ లెక్క. టేకర్ అంటే ఉన్న ధరకే వెంటనే కొనేసే లేదా అమ్మేసేవారు. ఈ టేకర్ వాల్యూమ్ ఉచితంగా దొరకడం అరుదు. ఆ నిమిషంలో ఎగబడి కొన్నవారెక్కువా, ఎగబడి అమ్మినవారెక్కువా అన్నది దాంతో తెలుస్తుంది.

ఈ ఫైళ్లతో తప్పులు జరిగే చోట్లు మూడు నాలుగున్నాయి. ఒక్కోటీ వివరంగా చెప్పాల్సినవే.

స్పాట్ ఫైళ్లలో మొదటి వరుస హెడర్ కాదు, నేరుగా డేటానే. పాండాస్‌లో (పైథాన్ డేటా లైబ్రరీ) మామూలుగా తెరిస్తే అది మొదటి క్యాండిల్‌నే కాలమ్ పేర్లుగా మింగేస్తుంది. పన్నెండు నెలల ఫైళ్లు కలిపితే పన్నెండు క్యాండిళ్లు మాయం, అన్నీ నెల మొదటి నిమిషానివే. ఎర్రర్ ఏదీ రాదు కాబట్టి ఎవరికీ తెలియదు. హెడర్ లేదని చెప్పి, కాలమ్ పేర్లు మీరే ఇవ్వండి. ఫ్యూచర్స్ ఫైళ్లలో కొన్నింటికి హెడర్ ఉంటుంది, కొన్నింటికి ఉండదు. అక్కడ మొదటి గడిలో అంకె ఉందా అక్షరాలున్నాయా చూసి నిర్ణయించేలా కోడ్ రాయాలి.

రెండోది టైమ్‌స్టాంప్. 2025 జనవరి 1 నుంచి స్పాట్ ఫైళ్లలో సమయం మైక్రోసెకన్లలోకి మారింది. అంతకు ముందు మిల్లీసెకన్లు. 2025 జనవరి 1 అర్ధరాత్రి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అంటే పాత పద్ధతిలో 1735689600000, పదమూడు అంకెలు. కొత్త ఫైల్లో అదే 1735689600000000, పదహారు అంకెలు. 2024, 2025 ఫైళ్లని కలిపి అన్నీ మిల్లీసెకన్లే అనుకుంటే పాండాస్ పరిధి దాటిందని మొరాయిస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్‌లో అయితే క్యాండిల్ తేదీ 56 వేల సంవత్సరం దాటి ఎక్కడో పడుతుంది. ఫైలు ఏ నెలదన్నది నమ్ముకోకండి. అంకె పద్నాలుగు స్థానాలు దాటితే వెయ్యితో భాగించమని ఒక్క నియమం పెట్టండి, పాత కొత్త రెండూ సరిపోతాయి.

మూడోది పేర్ల మార్పిడి. 2022 మేలో లూనా కూలిపోయింది. బైనాన్స్ ఆ పెయిర్‌ని మే 13న తీసేసి, అదే పేరుతో కొత్త లూనాని మే 31న పెట్టింది. పాతదాని పేరు లంక్‌గా మారింది. ఇప్పుడు మీరు లూనా, యూఎస్‌డీటీ (డాలరు విలువకి కట్టిన కాయిన్) పెయిర్ ఫైళ్లు వరుసగా అతికిస్తే సెంటులో వందో వంతు కూడా లేని ధర నుంచి కొన్ని డాలర్లకి ఒక్క క్యాండిల్‌లో ఎగిరినట్టు కనిపిస్తుంది. పడినప్పుడు కొనే బాట్ ఏదైనా ఇక్కడ కోట్లు సంపాదించినట్టు చూపిస్తుంది. అవి రెండు వేరు వేరు కాయిన్లు. మే 13 దగ్గర కోసి, రెండు పేర్లతో దాచుకోవాలి. 2024 సెప్టెంబర్‌లో మేటిక్ కాయిన్ పోల్‌గా మారడం ఇందుకు తిరగేసిన సంగతి. అక్కడ పేరు మారింది, విలువ కొనసాగింది. దాన్ని కోయకూడదు, కలపాలి.

నాలుగోది ఖాళీలు. 2018 ఫిబ్రవరి 8, 9 తేదీల్లో బైనాన్స్ ఒక రోజు మించి ఆగిపోయింది. ఆ నెల ఫైల్లో ఆ గంటలుండవు. అది మీ డౌన్‌లోడ్ తప్పు కాదు. దాన్ని కల్పిత ధరలతో నింపకండి. ఆ సమయంలో బాట్ ఏ ఆర్డరూ పెట్టలేదని రాయడమే నిజం.

ప్రతి జిప్ పక్కన చెక్‌సమ్ ఫైలు (జిప్ చెడకుండా దిగిందో లేదో తేల్చేది) ఉంటుంది. హాస్టల్ వైఫై మీదో ఫోన్ హాట్‌స్పాట్ మీదో వందల ఫైళ్లు దించుతుంటే మధ్యలో తెగినవి రెండు మూడు తప్పకుండా ఉంటాయి. అందులోని షా 256 విలువ సరిచూసుకుని, తేడా వచ్చినవి మాత్రం మళ్లీ దించండి.

ఏపీఐ సంగతికొస్తే, గూగుల్ కోల్యాబ్‌లో (గూగుల్ సర్వర్ మీద పైథాన్ నడిపే సేవ) నోట్‌బుక్ నడిపేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. మీరు కూకట్‌పల్లిలో కూర్చున్నా కోల్యాబ్ సర్వర్ తరచూ అమెరికాలో ఉంటుంది. బైనాన్స్ ప్రధాన ఏపీఐ అమెరికా ఐపీలకి 451 ఎర్రర్ ఇస్తుంది. కోడ్ తప్పేమో అని గంటలు వెతకొద్దు. జిప్ ఫైళ్లు దించుకోండి, లేదా మీ సొంత ల్యాప్‌టాప్ నుంచి నడపండి. మన దగ్గరా ఒక అడ్డంకి వచ్చింది. ఆర్థిక నిఘా విభాగం నోటీసుల తర్వాత 2024 జనవరిలో బైనాన్స్ సహా కొన్ని విదేశీ ఎక్స్ఛేంజ్‌ల సైట్లు భారత్‌లో బ్లాక్ అయ్యాయి. అదే ఏడాది రిజిస్ట్రేషన్ పూర్తిచేసుకుని బైనాన్స్ తిరిగొచ్చింది. ఒక్క సోర్స్ మీదే ఆధారపడకుండా దించిన డేటాని మీ డిస్క్‌లో దాచుకోవాలనడానికి ఇది చాలిన కారణం.

## క్రాకెన్: పాత చరిత్ర కావాలంటే

క్రాకెన్ క్యాండిల్ ఏపీఐని చూసి చాలామంది నిరాశ పడతారు. ఎంత పాత తేదీ అడిగినా ఆఖరి 720 క్యాండిళ్లే ఇస్తుంది. నిమిషం క్యాండిళ్లయితే 12 గంటలు, గంటవైతే 30 రోజులు. అసలు సంపద దాని సహాయ పేజీల్లో పెట్టిన జిప్‌లో ఉంది. అన్ని పెయిర్లకీ మొదటి నుంచి క్యాండిళ్లు, మూడు నెలలకోసారి కొత్త భాగం. బిట్‌కాయిన్, డాలర్ పెయిర్ 2013 నుంచి ఉంటుంది. డాలర్, యూరో పెయిర్లు నిజమైన కరెన్సీలోవి కావడం ఇంకో మేలు. యూఎస్‌డీటీ తన ఒక డాలరు విలువ నుంచి పక్కకి జరిగిన రోజుల్లో బైనాన్స్ ధరలో ఆ కదలిక కూడా కలిసిపోయి ఉంటుంది. క్రాకెన్ డాలర్ పెయిర్‌కి ఆ బాధ లేదు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ట్రేడ్ జరగని నిమిషానికి క్రాకెన్ వరుసే రాయదు. చిన్న కాయిన్లలో గంటకి పది వరుసలే కనిపించొచ్చు. అలాగే వాడితే 20 క్యాండిళ్ల మూవింగ్ యావరేజ్ (ఆఖరి 20 క్లోజ్ ధరల సగటు) మీరనుకున్న 20 నిమిషాలది కాక రెండు గంటలది అవుతుంది. పూర్తి నిమిషాల జాబితా తయారుచేసి, లేనిచోట ముందు క్లోజ్ ధరనే ఓపెన్, హై, లో, క్లోజ్‌లుగా వేసి, వాల్యూమ్ సున్నా పెట్టాలి. వాల్యూమ్ సున్నా ఉన్న క్యాండిల్‌లో బ్యాక్‌టెస్ట్ ఆర్డరు నింపకూడదన్న నియమం కూడా కోడ్‌లో ఉండాలి. బిట్‌కాయిన్‌ని ఈ ఫైళ్లలో ఎక్స్‌బీటీ అని వెతకాలి.

2012 నాటి నిమిషాలు కూడా కావాలంటే బిట్‌స్టాంప్ ఎక్స్ఛేంజ్ ట్రేడ్ల నుంచి తయారుచేసిన బిట్‌కాయిన్ సెట్ ఒకటి కాగుల్ అనే డేటా సైట్లో ఉచితంగా దొరుకుతుంది. అప్పటి వాల్యూమ్ చాలా తక్కువ. ఆ కాలం ఫలితాల్ని నేటి మార్కెట్‌కి అన్వయించకండి.

## కాయిన్‌బేస్, బిట్‌ఫినెక్స్: గడుల వరుస జాగ్రత్త

కాయిన్‌బేస్ ఎక్స్ఛేంజ్ ఏపీఐ కీ లేకుండానే క్యాండిళ్లు ఇస్తుంది. అయితే గడుల వరుస సమయం, లో, హై, ఓపెన్, క్లోజ్, వాల్యూమ్. అందరూ అలవాటుగా ఓపెన్, హై, లో, క్లోజ్ అని పేర్లు పెట్టేస్తారు. అప్పుడు ప్రతి క్యాండిల్ తన కనిష్ఠ ధర దగ్గరే తెరుచుకున్నట్టు అవుతుంది. క్యాండిల్ ఓపెన్‌లో కొనే ఏ పద్ధతైనా అద్భుతంగా కనిపిస్తుంది. పైగా కొత్త క్యాండిల్ ముందు, పాతది తర్వాత వస్తాయి. సమయం ప్రకారం తిరగేసుకోవాలి. బిట్‌ఫినెక్స్ వరుస ఇంకోరకం: సమయం, ఓపెన్, క్లోజ్, హై, లో, వాల్యూమ్. ఒకసారికి 10,000 క్యాండిళ్లు ఇస్తుంది కాబట్టి దించడం మాత్రం వేగంగా అయిపోతుంది.

కాయిన్‌బేస్ ఈథర్ డేటాలో 2017 జూన్ 21 రోజు చూడండి. అప్పటికి ఎక్స్ఛేంజ్ పేరు జీడాక్స్. 300 డాలర్లు పైన ఉన్న ఈథర్ ఒక పెద్ద అమ్మకం ఆర్డరు, దాని వెంట తెగిన స్టాప్‌లాస్‌ల వల్ల క్షణాల్లో 10 సెంట్లకి పడి తిరిగి లేచింది. అది డేటా తప్పు కాదు, నిజంగా జరిగిన ట్రేడే. చాలా కింద ధరకి లిమిట్ ఆర్డరు (ఆ ధర వస్తేనే కొనేది) పెట్టే బాట్‌కి ఆ ఒక్క క్యాండిల్‌లో కొన్ని వేల రెట్ల లాభం వస్తుంది. ఆ క్యాండిల్ చెరిపేయాలా వద్దా అంటే, చెరపకుండా రెండు సార్లు నడపండి: దాంతో ఒకసారి, అది లేకుండా ఒకసారి. రెండో ఫలితంలో లాభం మాయమైతే మీ పద్ధతిలో అంతకు మించి ఏమీ లేదన్నమాట.

## కాయిన్‌గెకో, యాహూ: నేర్చుకోవడానికి బాగుంటాయి, ఆర్డర్లకి కాదు

కాయిన్‌గెకో చాలా ఎక్స్ఛేంజ్‌ల ధరలు కలిపి చూపించే సైట్. దాని ఉచిత డెమో ప్లాన్‌లో కీ తీసుకోవాలి. నిమిషానికి 30, నెలకి 10,000 కాల్స్, వెనక్కి 365 రోజులు. క్యాండిల్ సైజు మీరు ఎంచుకోలేరు, అడిగిన రోజుల సంఖ్యే దాన్ని నిర్ణయిస్తుంది. ధరల చార్ట్ అడిగితే ఒక రోజుకి 5 నిమిషాలు, 90 రోజుల వరకు గంట, ఆపైన రోజువారీ. ఓపెన్, హై, లో, క్లోజ్ అడిగితే నెల దాటగానే నాలుగు రోజులకో క్యాండిల్ వస్తుంది. దాని మీద స్టాప్‌లాస్ పరీక్షించడం కుదరని పని. వేల కాయిన్ల మార్కెట్ క్యాప్ పోల్చడానికీ, పోర్ట్‌ఫోలియో విలువ రూపాయల్లో చూపించే యాప్‌కీ మాత్రం దీన్ని మించింది తక్కువ.

యాహూ ఫైనాన్స్‌ని వైఫైనాన్స్ అనే పైథాన్ లైబ్రరీ ద్వారా రెండు వరుసల కోడ్‌తో తెచ్చుకోవచ్చు. బిట్‌కాయిన్ రోజువారీ ధరలు 2014 సెప్టెంబర్ 17 నుంచి ఉంటాయి. గంట క్యాండిళ్లు సుమారు రెండేళ్లు, నిమిషాలవి కొద్ది రోజులే. మూవింగ్ యావరేజ్ రాయడం నేర్చుకునేవారికి ఇదే మొదటి మెట్టుగా పెట్టుకోవచ్చు. అయితే లైబ్రరీ అనధికారికం, యాహూ ఏదైనా మార్చిన రోజు పనిచేయదు. వాల్యూమ్ గడిలో ఉండేది కాయిన్ల సంఖ్య కాదు, డాలర్ల విలువ. దాన్ని బైనాన్స్ వాల్యూమ్‌తో పోల్చి అయోమయపడేవారు చాలామంది.

## రూపాయల్లో ట్రేడ్ చేసేవారి సంగతి వేరు

హైదరాబాద్‌లో కూర్చుని రూపాయి పెయిర్‌లో ఆర్డరు పెట్టేవారు బైనాన్స్ డేటా తీసుకుని దాన్ని డాలర్ రేటుతో గుణిస్తుంటారు. అది రెండు విధాల తప్పు. ఇక్కడి ఎక్స్ఛేంజ్‌లలో యూఎస్‌డీటీ ధర బ్యాంకు డాలర్ రేటు కన్నా ఎక్కువగా ఉండటం మామూలు, ఆ తేడా రోజూ మారుతుంది. పైగా డాలర్, రూపాయి మార్కెట్ శని, ఆదివారాలు మూసి ఉంటుంది, క్రిప్టో నడుస్తూనే ఉంటుంది. శనివారం క్యాండిల్‌ని శుక్రవారం రేటుతో గుణిస్తే సోమవారం పొద్దున్న మార్కెట్లో లేని గ్యాప్ పుడుతుంది.

భారతీయ ఎక్స్ఛేంజ్ కాయిన్‌డీసీఎక్స్ పబ్లిక్ ఏపీఐ కీ లేకుండా క్యాండిళ్లు ఇస్తుంది, ఒకసారికి 1,000 వరకు. పెయిర్ పేరు మొదట్లో ఉన్న అక్షరం చూడండి. ఐ తో మొదలైతే కాయిన్‌డీసీఎక్స్ సొంత రూపాయి మార్కెట్, బీ తో మొదలైతే బైనాన్స్ ధర. ఇది గమనించకుండా బీ పెయిర్ దించి, భారతీయ ఎక్స్ఛేంజ్ డేటా అనుకునేవారున్నారు. రూపాయి పెయిర్లలో చిన్న కాయిన్లకి వాల్యూమ్ పలచగా ఉంటుంది. క్లోజ్ ధరకే ఆర్డరు నిండిందనుకోకండి. ఆర్డర్ బుక్ (ఇంకా నిండని ఆర్డర్ల జాబితా) కొన్ని రోజులు చూసి, కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య తేడా ఎంతుంటుందో రాసుకుని, దాన్ని ఖర్చుగా కలపండి.

ఇంకో భారతీయ ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ డేటా వాడేవారు 2024 జూలైని గమనించాలి. దాదాపు 23 కోట్ల డాలర్ల దొంగతనం తర్వాత అక్కడ ట్రేడింగ్ ఏడాది మించి ఆగిపోయింది. ఆ ఖాళీకి ముందూ వెనకా ఉన్న క్యాండిళ్లని ఒకే వరుసగా చూడటం సరికాదు.

ఇక పన్ను. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, దానిపై సెస్. ఒక ట్రేడ్ నష్టాన్ని ఇంకో ట్రేడ్ లాభంలోంచి తీసేయడానికి లేదు. అదే ఏడాది జూలై 1 నుంచి అమ్మకం విలువ మీద 1 శాతం టీడీఎస్. లక్ష రూపాయలతో మొదలుపెట్టి యాభైసార్లు కొని అమ్మారనుకోండి. లాభం నష్టం ఏదీ లేకున్నా, టీడీఎస్ పోగా చేతిలో ట్రేడింగ్‌కి మిగిలేది 60,500 దాకానే. ఆ డబ్బు రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది, నిజమే, కానీ ఏడాది మధ్యలో బాట్‌కి అందదు. నష్టం సర్దుబాటు లేదు కాబట్టి గెలిచిన ట్రేడ్లన్నిటి మీదా పన్ను, ఓడినవాటికి ఊరట లేదు. బ్యాక్‌టెస్ట్‌లో ఈ రెండూ ఒక్కో ట్రేడ్ దగ్గర తీసివేయకపోతే ఎంత శుభ్రమైన డేటా తెచ్చినా ఫలితం మన ఊరి ట్రేడర్‌కి పనికిరాదు.

## సీసీఎక్స్‌టీ, ఫ్రీక్‌ట్రేడ్: ఇవి సోర్స్‌లు కావు, తెచ్చిపెట్టేవి

సీసీఎక్స్‌టీ ఉచిత లైబ్రరీ. పైథాన్, జావాస్క్రిప్ట్, పీహెచ్‌పీలో పనిచేస్తుంది. ఏ ఎక్స్ఛేంజ్ నుంచైనా క్యాండిళ్లని ఒకే వరుసలో, సమయం, ఓపెన్, హై, లో, క్లోజ్, వాల్యూమ్‌గా ఇస్తుంది. పైన చెప్పిన గడుల గందరగోళం ఉండదు. బదులుగా బైనాన్స్ ఇచ్చే ట్రేడ్ల సంఖ్య, టేకర్ వాల్యూమ్ పోతాయి. ఎక్స్ఛేంజ్ పెట్టిన పరిమితిని అది దాటలేదు, క్రాకెన్ 720 ఇక్కడా 720నే. ముక్కలు ముక్కలుగా దించేటప్పుడు ఆఖరి క్యాండిల్ సమయానికి ఒక టైమ్‌ఫ్రేమ్ కలిపి తర్వాతి రిక్వెస్టు పంపండి. కలపకపోతే ప్రతి ముక్క అంచున ఒక క్యాండిల్ రెండుసార్లు వస్తుంది.

ఫ్రీక్‌ట్రేడ్ అనే రెడీమేడ్ బాట్ వాడేవారికి డేటా దించే కమాండ్ అందులోనే ఉంది. పెయిర్, టైమ్‌ఫ్రేమ్, రోజుల సంఖ్య ఇస్తే చాలు. క్రాకెన్‌కి మాత్రం ట్రేడ్లు దించి వాటి నుంచి క్యాండిళ్లు కట్టే ఆప్షన్ ఇవ్వాలి. దానికి చాలా సమయం పడుతుంది, రాత్రి పెట్టి పొద్దున్న చూసుకోవాల్సిన పని.

## ఎవరికి ఏది

ఇప్పుడిప్పుడే నేర్చుకుంటుంటే యాహూ రోజువారీ డేటాతో మొదలుపెట్టి, కోడ్ కుదిరాక బైనాన్స్ రోజువారీ ఫైళ్లకి మారండి. స్టాప్‌లాస్, టార్గెట్ ఉన్న బాట్ అయితే నేరుగా బైనాన్స్ నిమిషాల ఫైళ్లు, వేరే ఆలోచన వద్దు. పర్పెచువల్ ఫ్యూచర్స్ (గడువు తేదీ లేనివి) అయితే స్పాట్ క్యాండిళ్లతో సరిపెట్టకుండా ఫ్యూచర్స్ ఫోల్డర్లోని క్యాండిళ్లు, ఫండింగ్ రేటు (పొజిషన్ ఉంచినవారు ఒకరికొకరు తరచూ చెల్లించుకునేది) ఫైళ్లు రెండూ తీసుకోండి. పొజిషన్ వారాల తరబడి ఉంచే పద్ధతిలో ఫండింగ్ ఒక్కటే లాభాన్ని తినేయగలదు. 2017కి ముందు నుంచి దీర్ఘకాలిక ధోరణి చూడాలంటే క్రాకెన్. రూపాయి పెయిర్ అయితే ఆ ఎక్స్ఛేంజ్ క్యాండిళ్లే. వాటి చరిత్ర చిన్నదైతే, పద్ధతిని బైనాన్స్ పాత డేటా మీద పరీక్షించి, ఖర్చుల్నీ స్లిప్పేజ్‌నీ (అనుకున్న ధరకీ నిజంగా దొరికిన ధరకీ తేడా) రూపాయి డేటా నుంచి లెక్కగట్టడం మధ్యేమార్గం.

## దించాక, వాడే ముందు

నెలకి వరుసలెన్నో లెక్కపెట్టండి. 31 రోజుల నెలకి 44,640, 30 రోజులదానికి 43,200, మామూలు ఫిబ్రవరికి 40,320. తక్కువొస్తే ఏ నిమిషాలు లేవో జాబితా తీయండి. ఎక్కువొస్తే ఒకే క్యాండిల్ రెండుసార్లు వచ్చినట్టు. ప్రతి వరుసలో హై మిగతా మూడింటికన్నా తక్కువ కాకూడదు, లో ఎక్కువ కాకూడదు. గడులు తారుమారైతే ఈ ఒక్క పరీక్షలోనే బయటపడుతుంది. తర్వాత నిమిషాల్ని రోజుగా కలిపి, అదే ఎక్స్ఛేంజ్ రోజువారీ ఫైలుతో పోల్చండి. హై, లో, క్లోజ్ అన్నీ సరిగ్గా కలవాలి.

ఆ కలపడంలోనే మన సమయంతో ఒక చిక్కుంది. ఈ ఎక్స్ఛేంజ్‌లన్నీ రోజుని యూటీసీ ప్రకారం కడతాయి. అంటే మనకి పొద్దున్న 5:30కి, పాలప్యాకెట్ వచ్చే వేళకి, ఒక రోజు క్యాండిల్ ముగిసి ఇంకోటి మొదలవుతుంది. మీ ల్యాప్‌టాప్ ఐఎస్‌టీలో ఉండి, కోడ్‌లో టైమ్‌జోన్ రాయకపోతే మన అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కలిపేయొచ్చు. అప్పుడొచ్చే రోజువారీ క్యాండిల్ ఏ ఎక్స్ఛేంజ్‌లోనూ ఉండదు. ఇంట్లో ఒక ఫలితం, క్లౌడ్ సర్వర్‌లో ఇంకో ఫలితం వస్తే ముందు ఇక్కడే వెతకండి. డిస్క్ మీద అంతా యూటీసీలోనే ఉంచి, తెర మీద చూపించేటప్పుడు మాత్రమే ఐదున్నర గంటలు కలపండి.

దించిన జిప్‌లని అలాగే ఒక ఫోల్డర్లో ముట్టుకోకుండా ఉంచి, సరిచేసిన డేటాని వేరేచోట పార్కే అనే కుదించిన ఫైల్ ఫార్మాట్‌లో రాసుకోండి. ఏడాది నిమిషాల సీఎస్‌వీ ఒక్కో వరుసకి 130 అక్షరాల లెక్కన 68 ఎంబీ దాకా ఉంటుంది. ఇరవై కాయిన్లు, ఐదేళ్లు అంటే ఏడు జీబీకి దగ్గర. పార్కేలో అది బాగా తగ్గుతుంది, తెరవడం కూడా వేగం. ఇవన్నీ సొంత పరిశోధనకి ఉచితం. మీ సైట్లో తిరిగి పంచాలన్నా, అమ్మాలన్నా ఆయా ఎక్స్ఛేంజ్ షరతులు చదవాలి.

రోజూ ఏపీఐతో కొత్త క్యాండిళ్లు అతికించే స్క్రిప్ట్ రాస్తే, వచ్చిన జాబితాలో ఆఖరిదాన్ని ఎప్పుడూ వదిలేయండి. అది ఇంకా ముగియని క్యాండిల్. దాని క్లోజ్ అడిగిన క్షణం నాటి ధర మాత్రమే. అలాగే దాచేస్తే రేపు ఆ వరుస తప్పుగా ఉండిపోతుంది. క్లోజ్ టైమ్ ప్రస్తుత యూటీసీ సమయం కన్నా చిన్నదైతేనే దాచాలని ఒక్క షరతు రాస్తే సరిపోతుంది.